ఆక్సిజన్ తగిలితే చెడిపోయే ఎంజైమ్‌కు నీరు నిలిచిన పల్లంలో మేలే జరగాలి కదా? మినుము వేరు బుడిపెలపై సందేహం

ప్రశ్న: మెరకపొలం (చీపురుపల్లి, విజయనగరం జిల్లా)

పెద్దలందరికీ నమస్కారం. నేను విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం వృక్షశాస్త్రం చదువుతున్నాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా పొలంలో చూసిన ఒక విషయం, తరగతిలో నేర్చుకున్న పాఠంతో పొసగడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారు ప్రతి ఏటా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో తడి ఉండగానే మినుములు చల్లుతారు. ఈ ఏడాది కూడా అలాగే చల్లారు. పైరు వయసు ఇప్పుడు నలభై రోజులు దాటింది. మెరక వైపు మొక్కలు ముదురు ఆకుపచ్చగా, ఏపుగా ఉన్నాయి. గెడ్డ (వాగు) వైపు పల్లంలో మాత్రం ఊట నీరు ఇంకా ఆరలేదు. అక్కడి మొక్కలు గిడసబారి, కింది ఆకుల నుంచి పసుపు రంగుకు తిరుగుతున్నాయి. రెండు చోట్లా కొన్ని మొక్కలు పీకి చూశాను. మెరకలో పీకిన వాటి వేళ్లకు బుడిపెలు బాగా ఉన్నాయి, గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనబడ్డాయి. పల్లంలో పీకిన వాటికి బుడిపెలు దాదాపు లేవు.

నా సందేహం ఇది. నత్రజనిని అమోనియాగా మార్చే నైట్రోజినేజ్ ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే నశిస్తుందని, దాన్ని కాపాడటానికే బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీను ఉంటుందని చదువుకున్నాం. నీరు నిలిచిన నేలలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుందన్నదీ పాఠమే. ఈ రెండూ నిజమైతే పల్లంలోని మొక్కలలోనే ఈ ఎంజైమ్ ఇంకా హాయిగా పనిచేయాలి. జరుగుతున్నది దానికి పూర్తిగా విరుద్ధం. నేను ఎక్కడ పొరబడుతున్నానో దయచేసి వివరించండి.

సమాధానం 1: తరగతిగది (శ్రీకాకుళం)

అమ్మా, చాలా మంచి ప్రశ్న. ముప్ఫై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను కానీ, పొలాన్నీ పుస్తకాన్నీ ఇలా పక్కపక్కన పెట్టి అడిగిన విద్యార్థులు నాకు తక్కువగానే తారసపడ్డారు. ముందుగా ఆ ఎంజైమ్ స్వరూపం చెబుతాను.

నైట్రోజినేజ్ అంటే ఒకే ప్రోటీను కాదు, రెండు ప్రోటీన్లు కలిసి చేసే పని. చిన్నదాన్ని ఇనుప ప్రోటీను అంటారు. దానిలో నాలుగు ఇనుప పరమాణువులు, నాలుగు గంధక పరమాణువులు కలిసిన గుత్తి ఒకటి ఉంటుంది. పెద్దది మాలిబ్డినం–ఇనుప ప్రోటీను. నత్రజని అణువు వచ్చి కూర్చునేది ఈ పెద్ద ప్రోటీనులోని ప్రత్యేకమైన గుత్తి మీద. ఆ గుత్తిలో ఏడు ఇనుప పరమాణువులు, తొమ్మిది గంధక పరమాణువులు, ఒక మాలిబ్డినం, సరిగ్గా నడిమధ్యన ఒక కర్బన పరమాణువు ఉంటాయి. హోమోసిట్రేట్ అనే చిన్న ఆమ్లం మాలిబ్డినాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. 1992లో స్ఫటిక నిర్మాణం బయటపడినప్పుడు గుత్తి మధ్యభాగం ఖాళీగా ఉందనుకున్నారు. అక్కడ ఏదో తేలిక పరమాణువు ఉందని 2002లో తెలిసింది. అది కర్బనమేనని తేలడానికి 2011 వరకు ఆగవలసి వచ్చింది.

చిన్న ప్రోటీను ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా మోసుకొచ్చి పెద్దదానికి అందిస్తుంది. ప్రతి ఎలక్ట్రానుకు రెండు ఏటీపీ అణువులు (కణానికి శక్తినిచ్చే ఇంధనం) ఖర్చవుతాయి. ఒక నత్రజని అణువు నుంచి రెండు అమోనియా అణువులు రావాలంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి, కనీసం 16 ఏటీపీ కరిగిపోతాయి. పైగా ఒక హైడ్రోజన్ అణువు కూడా వెలువడుతుంది. ఎరువుల కర్మాగారంలో 400 నుంచి 500 డిగ్రీల వేడితో, గాలి ఒత్తిడికి నూటయాభై రెట్లు మించిన ఒత్తిడితో సాధించే పనిని, బుడిపెలో కాపురముండే బాక్టీరియా మన చేనుగట్టు కింద మామూలు వేడిలోనే చేసేస్తుంది.

ఈ ఇనుము–గంధకం గుత్తులు ఎలక్ట్రాన్లను వదులుకోవడానికి సిద్ధంగా ఉంటాయి కనుక, ఆక్సిజన్ వాటిని లాక్కుని గుత్తినే విరగ్గొడుతుంది. గాలి తగిలితే చిన్న ప్రోటీను ఒక నిమిషం లోపే సగం శక్తిని కోల్పోతుంది. పెద్దది పది నిమిషాల వరకు తట్టుకోగలదు. లెగ్‌హీమోగ్లోబిన్ ఆ ఆక్సిజన్‌ను పీల్చి దాచేసి ఎంజైమ్‌ను కాపాడుతుంది. పల్లంలో మొక్కలు పసుపు రంగుకు తిరగడానికి వేళ్లు ఊపిరాడక కుళ్లడమే కారణమై ఉండాలి; దానికీ ఎంజైమ్‌కూ నేరుగా సంబంధం లేదని నా అభిప్రాయం.

సమాధానం 2: బుడిపెలోపల (స్వస్థలం నరసన్నపేట, ప్రస్తుతం పరిశోధన విద్యార్థి)

మాస్టారూ, ఎంజైమ్ నిర్మాణం గురించి మీరు రాసిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. చివరి రెండు వాక్యాల దగ్గర మాత్రం వినయంగా విభేదిస్తున్నాను, ఎందుకంటే ఈ సోదరి అడిగిన చిక్కుముడి సరిగ్గా అక్కడే విడుతుంది.

లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పీల్చి దాచేస్తుందన్న మాట చాలా పాఠ్యపుస్తకాలలో ఉంది. నేనూ అలాగే చదువుకున్నాను. లెక్క వేసి చూస్తే అది నిలవదు. బుడిపెలోని బాక్టీరియా శ్వాసక్రియ ఎంత ఉధృతంగా ఉంటుందంటే, లెగ్‌హీమోగ్లోబిన్ మొత్తం పట్టుకుని ఉన్న ఆక్సిజన్ వాటికి కొద్ది సెకన్లకే సరిపోతుంది. అంత చిన్న నిల్వ దాపరికానికీ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. దాని అసలు పని రవాణా.

బాక్టీరియాకు రెండు అవసరాలున్నాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు. మాస్టారు చెప్పిన ఆ 16 ఏటీపీ ఎక్కడి నుంచి రావాలి? మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరను మాలేట్ వంటి ఆమ్లాలుగా మార్చి బాక్టీరియాకు అందిస్తే, అది వాటిని ఆక్సిజన్‌తో దహించి ఏటీపీ చేసుకుంటుంది. అంటే ఎంజైమ్‌కు శత్రువైన ఆక్సిజనే దాన్ని నడిపే పొయ్యికి గాలి. పొయ్యి ఆరిపోతే ఎంజైమ్ చెక్కుచెదరకుండా ఉన్నా ఒక్క అమోనియా అణువు కూడా పుట్టదు.

కాబట్టి కావలసింది ఆక్సిజన్ లేకపోవడం కాదు. విడిగా తిరిగే ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటూనే, దాని సరఫరా మాత్రం ధారాళంగా ఉండటం. గాలి కలిసిన నీటిలో ఆక్సిజన్ గాఢత సుమారు 250 మైక్రోమోలార్లు. పనిచేస్తున్న బుడిపె లోపల అది కొన్ని పదుల నానోమోలార్లే, అంటే దాదాపు పదివేలో వంతు. అంత పలచగా ఉన్న ఆక్సిజన్ తనంతట తానుగా కణంలో పాకుతూ పోతే బాక్టీరియా అవసరం తీరదు. లెగ్‌హీమోగ్లోబిన్ కణద్రవంలో చాలా దట్టంగా నిండి ఉండి, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, కణం అంచు నుంచి బాక్టీరియా గుమ్మం దాకా మోసి అక్కడ విడుస్తుంది. ఆ గుమ్మంలో అందుకునేందుకు, అతి కొద్ది ఆక్సిజన్‌ను కూడా వదలకుండా పట్టే ఆక్సిడేజ్ అనే ప్రత్యేకమైన శ్వాస ఎంజైమ్‌ను బాక్టీరియా తయారుచేసుకుంటుంది. వచ్చింది వచ్చినట్టే ఖర్చవుతుంది కాబట్టి ఎంజైమ్ దాకా చేరేది ఉండదు.

దీనికి నేరుగా రుజువు 2005లో వచ్చింది. లోటస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో బుడిపెల లెగ్‌హీమోగ్లోబిన్ తయారు కాకుండా జన్యుపరంగా ఆపి చూశారు. అప్పుడు బుడిపెలో విడి ఆక్సిజన్ పెరిగింది, ఏటీపీ నిష్పత్తి తగ్గింది, నత్రజని స్థాపన ఆగిపోయింది. ఈ ఫలితంలో ఏటీపీ తగ్గడమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. లెగ్‌హీమోగ్లోబిన్ దాచిపెట్టే పని మాత్రమే చేసి ఉంటే, అది లేనప్పుడు శ్వాసక్రియకు ఇంకా మేలు జరిగి ఉండాలి.

ఇక కాపలా సంగతి. ఆ పని ఎక్కువగా బుడిపె చుట్టూ ఉన్న కణజాలపు గోడది. ఆ పొరలోని కణాల మధ్య ఖాళీలు నీటితో నిండటాన్ని బట్టి లోపలికి వెళ్లే ఆక్సిజన్ పెరగడం, తగ్గడం జరుగుతుంది. మొక్క దాన్ని అవసరం కొద్దీ సవరించుకుంటుంది. అసలు ఎంజైమ్‌ను తయారుచేయమనే జన్యువుల ఆజ్ఞ కూడా, లోపల ఆక్సిజన్ తగినంత తగ్గిందని బాక్టీరియా పసిగట్టిన తర్వాతే వెలువడుతుంది.

ఇప్పుడు మీ పల్లానికి వద్దాం. నీటిలో ఆక్సిజన్ గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి రంధ్రాలు నీటితో నిండిపోతే బుడిపె బయటే ఆక్సిజన్ కరవవుతుంది. మోయడానికి లెగ్‌హీమోగ్లోబిన్ ఉన్నా, మోయవలసిన సరుకు ఉండదు. ఎంజైమ్ క్షేమంగా ఉంటుంది, ఏటీపీ లేక పస్తు పడుకుంటుంది. మాస్టారూ, వేళ్లకు ఊపిరాడకపోవడం నిజమే, మీరు చెప్పిన కారణం తప్పు కాదు. కానీ ఊపిరాడనిది వేరుకు మాత్రమే కాదు, ఈ ఎంజైమ్‌ను నడిపే బాక్టీరియాకు కూడా.

సమాధానం 3: తరగతిగది

నాయనా, మీరు చెప్పింది సబబుగా ఉంది. దాచడం అనే మాటను ఇన్నేళ్లుగా యథాతథంగా చెబుతూ వచ్చాను; ఏటీపీ తగ్గిందన్న ఆ ఫలితం తెలిశాక ఇక అలా చెప్పలేను. ఈ నెలలో మళ్లీ ఇదే పాఠం వస్తోంది, రవాణా అనే చెబుతాను. ఆ ఎర్రని పదార్థం హీమోగ్లోబిన్ జాతికి చెందినదని 1939లో కుబో అనే జపాను శాస్త్రవేత్త గుర్తించిన సంగతి తరగతిలో చెబుతూనే ఉన్నాను. మన నెత్తురులో హీమోగ్లోబిన్ చేసేది మోయడమే కదా, ఆ పోలికను చివరిదాకా తీసుకువెళ్లి ఉండవలసింది.

సమాధానం 4: ఎర్రనేల (ఆమదాలవలస దగ్గర, వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించాను)

శాస్త్రం మీద ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను పొలం వైపు నుంచి కొన్ని మాటలు కలుపుతాను.

మొదటిది, తల్లీ, మీరు మొక్కల్ని పీకి చూశానన్నారు. బంకమట్టిలో, అదీ తడిలో, మినుము మొక్కను పీకితే పక్కవేళ్లు తెగి బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. మెరకలో మట్టి వదులుగా ఉండి బుడిపెలు వేళ్లతో పాటే పైకి వచ్చి ఉండవచ్చు. కాబట్టి పల్లంలో బుడిపెలు లేవని ఇప్పుడే తేల్చకండి. మొక్క చుట్టూ జానెడు దూరంలో పారతో దింపి, మట్టిగడ్డతో సహా పైకెత్తి, బకెట్టు నీటిలో అరగంట నానబెట్టి, మెల్లగా కడిగి చూడండి. రెండు చోట్లా ఒకే పద్ధతిలో చేస్తేనే పోల్చడానికి వీలుంటుంది.

రెండోది, ఆకు పసుపు ఏ రకమో చూడండి. మినుముకు తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులు ఉంది. అందులో లేత ఆకుల మీద మెరిసే పసుపు మచ్చలు అక్కడక్కడా ఆకుపచ్చతో కలగలిసి ఉంటాయి, మెరక పల్లం తేడా లేకుండా మొక్కలకు సోకుతుంది. నత్రజని కొరతలో ముదురు ఆకులు ముందు, ఆకంతా సమానంగా పాలిపోతుంది, ఎందుకంటే మొక్క పాత ఆకులోని నత్రజనిని లాగి చిగురుకు పంపుతుంది. మీరు కింది ఆకుల నుంచి అని రాశారు కాబట్టి ఇది రెండో రకమేనని నాకు తోస్తోంది.

మూడోది, వరికి ఆలస్యంగా యూరియా వేశారేమో మీ నాన్నగారిని అడగండి. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా ఉంటుంది. అందులో మిగిలినది నైట్రేటుగా మారి నేలలో ఉంటే మినుము బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది, ఉన్న బుడిపెలు కూడా మందగిస్తాయి. దీన్ని మొక్క సోమరితనంగా కొందరు రైతులకు చెబుతుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఒక్కో నత్రజని అణువుకు 16 ఏటీపీ ఇచ్చుకోవలసిన మొక్క, చేతికి అందేచోట ఉన్న నైట్రేటును ముందు వాడుకోవడం పొదుపు.

మాలిబ్డినం గురించి కూడా చెప్పాలి. మన రెండు జిల్లాల్లోనూ ఎర్ర నేలలు విస్తారంగా ఉన్నాయి. నేలలో ఆమ్లగుణం పెరిగేకొద్దీ ఇనుము, మాంగనీసు, జింకు మొక్కకు ఎక్కువగా అందుతాయి. మాలిబ్డినం మాత్రం దానికి ఎదురు, ఆమ్లనేలలో మట్టికి అంటుకుపోయి అందకుండా పోతుంది. మాస్టారు చెప్పిన ఆ గుత్తిలో ఉండవలసినది ఒక్క పరమాణువే అయినా, అది లేకపోతే ఆ గుత్తి ఏర్పడదు. కొన్ని బాక్టీరియాలకు మాలిబ్డినం బదులు వెనేడియంతోనో, కేవలం ఇనుముతోనో నడిచే మరో రకం ఎంజైమ్ ఉందని చదివాను. మన పప్పుపైరుల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియాకు సాధారణంగా ఆ ఏర్పాటు లేదు. అయితే మట్టి పరీక్ష చేయించకుండా మాలిబ్డినం ఉప్పు కొని చల్లవద్దు. ఇది అతి సూక్ష్మంగా కావలసిన పోషకం. ఎక్కువైతే ఆ మేత తిన్న పశువులకు రాగి లోపం వస్తుంది.

వచ్చే ఏడాది చల్లే ముందు విత్తనానికి రైజోబియం పట్టించండి. బెల్లం కలిపిన నీటితో విత్తనాన్ని తడిపి, పొడి కలిపి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే చల్లాలి. ఎండలో ఆరబెడితే బాక్టీరియా చచ్చి, మిగిలేది నల్లపొడి ఒక్కటే. గెడ్డ వైపు మాత్రం ముందు ఒక కాలువ తీసి నీరు పోనివ్వండి. లోపలికి గాలి వెళ్లని నేలలో ఎంత మంచి పొడి కలిపినా ఫలితం ఉండదు.

ప్రశ్నించినవారి స్పందన: మెరకపొలం

అందరికీ కృతజ్ఞతలు. ఎర్రనేల గారు చెప్పిన పద్ధతిలోనే నిన్న మెరకలో ఐదు, పల్లంలో ఐదు మొక్కలను పారతో తవ్వి తీశాను. మీరు అనుమానించినట్టే మొదట నేను చూసినది సగం తప్పు: పల్లంలోని మొక్కలకూ బుడిపెలు ఉన్నాయి. కానీ అవి ఆవగింజంత, సంఖ్యలో తక్కువ. బ్లేడుతో కోస్తే ఎక్కువ వాటిలో లోపల తెలుపు, రెండు మూడింటిలో ఆకుపచ్చ ఛాయ కనబడింది. మెరకలోనివి లోపల చిక్కటి ఎరుపు. ఆకుల మీద మచ్చలు లేవు, అంతటా ఒకే పాలిపోయిన రంగు. యూరియా గురించి అడిగితే, ఆఖరి దఫా రెండు వైపులా ఒకే రోజు, ఒకే మోతాదులో వేశామని నాన్నగారు చెప్పారు.

ఇంకో రెండు సంగతులు అడగాలని ఉంది. కోసిన ఎర్రని బుడిపెలను పళ్లెంలో పెట్టి భోజనానికి వెళ్లి వచ్చేసరికి అవి గోధుమ రంగుకు మారిపోయాయి. ఇది కూడా ఆక్సిజన్ పనేనా? రెండోది నాన్నగారి ప్రశ్న: ఇంత కథ బుడిపె లోపలే జరుగుతుంటే, ఆ ఎంజైమ్‌ను వరికే ఎందుకు పెట్టకూడదు?

సమాధానం 5: బుడిపెలోపల

గోధుమ రంగు గురించి మీ ఊహ సరైనదే. లెగ్‌హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రానును కోల్పోతే ఎరుపు పోయి గోధుమ రంగు వస్తుంది. ఆ స్థితిలో అది ఆక్సిజన్‌ను మోయలేదు. బతికున్న బుడిపెలో దాన్ని తిరిగి సరిచేసే వ్యవస్థ ఉంటుంది, కోసి పళ్లెంలో పెట్టినప్పుడు అది ఆగిపోతుంది. ఆకుపచ్చ ఛాయ వేరే సంగతి: అక్కడ ఇనుమును పట్టి ఉంచే హీమ్ వలయమే విరిగిపోయింది, ఆ బుడిపె పని ముగిసింది. తెల్లనివి అసలు పని మొదలుపెట్టనివి. మీ పల్లంలో కొన్ని బుడిపెలు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాయి, ఎక్కువ భాగం మొదలే పెట్టలేదు. యూరియా రెండు వైపులా సమానమన్నారు కాబట్టి, తేడాకు నీరే కారణమనడానికి మీ పరిశీలన బలాన్నిస్తోంది.

మీ నాన్నగారి ప్రశ్న ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు అడుగుతున్నదే. ఎంజైమ్ ప్రోటీన్ల జన్యువులను వరిలోకి తీసుకెళ్లినంత మాత్రాన సరిపోదు. మాలిబ్డినం గుత్తిని కట్టడానికి వేరే ప్రోటీన్ల బృందం కావాలి, ఏటీపీ, ఎలక్ట్రాన్లు ఎడతెగకుండా అందాలి, పైగా వరి ఆకు పగలంతా ఆక్సిజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. అందుకే పరిశోధకుల చూపు మైటోకాండ్రియా మీద పడింది: కణంలో ఏటీపీ తయారయ్యేదీ, ఆక్సిజన్ వేగంగా ఖర్చయ్యేదీ అక్కడే. 2016లో ఈస్టు మైటోకాండ్రియాలో ఎంజైమ్‌లోని చిన్న ప్రోటీనును, అంటే ఒక్క నిమిషంలో చెడిపోయే ఆ ఇనుప ప్రోటీనునే, పనిచేసే స్థితిలో తయారుచేయగలిగారు. 2024లో ఒక సముద్రపు శైవలంలో, ఒకనాడు విడి బాక్టీరియాగా ఉన్నది ఇప్పుడు కణాంగంగా మారి నత్రజనిని స్థాపిస్తోందని తేల్చారు. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. నత్రజనిని స్థాపించే కణాంగం ప్రకృతిలో ఒకసారి ఏర్పడిందని దానితో తెలిసింది. వరిలో అది జరిగే దాకా, మినుము తర్వాత వరి, వరి తర్వాత మినుము అన్న మీ నాన్నగారి పద్ధతే మనకున్న దారి.

మీ సెలవులు ఇంకా మిగిలి ఉంటే ఒక పని చేయండి. పల్లంలో సగం భాగానికి ఎర్రనేల గారు చెప్పిన కాలువ ఇప్పుడే తీసి, మిగతా సగం అలాగే వదిలేయండి. పది రోజుల తర్వాత రెండింటిలోనూ మళ్లీ ఐదేసి మొక్కలు తవ్వి బుడిపెలు కోయండి. పైరు కాయ పట్టే దశకు వస్తే మొక్క చక్కెరను గింజలకు మళ్లిస్తుంది, బుడిపెలు ఎలాగూ ముదిరిపోతాయి. అందువల్ల పది రోజులకు మించి ఆగవద్దు. వాటి రంగులు ఇక్కడ రాయండి.